సొరుగు చెక్కకూ గ్రేడు రాయండి

అయ్యా,

పోయిన నెల పొలం కాగితం పని మీద ఒక ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా గారు బల్ల సొరుగు లాగితే రాలేదు. రెండు చేతులతో లాగేసరికి హ్యాండిల్ ఊడి చేతికొచ్చింది. చివరికి స్కేలు దూర్చి తెరిస్తే అడుగు పలక ఉబ్బి కిందికి వేలాడుతోంది. వేలితో నొక్కాను, తడిసిన మరమరాల ఉండలా రాలిపోయింది. లోపల జనం అర్జీలన్నీ బూజు పట్టి ఉన్నాయి. బల్ల కొని మూడేళ్లు కాలేదట. పైన మాత్రం టేకు రంగు సన్‌మైకా నిగనిగలాడుతోంది.

నేను వడ్రంగిని. సొరుగులకు చెక్క మంచిదా, ప్లైవుడ్ మంచిదా అని అందరూ అడుగుతారు. మన కోనసీమ తేమలో ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చెక్క పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. బెత్తెడు ఎత్తుండే పక్కలకు బాగా ఎండిన టేకు పెట్టి, పైన ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సందు వదిలితే శ్రావణంలోనూ సొరుగు ఆడుతుంది. పచ్చి టేకు పెడితే మాత్రం ఎంత ఖరీదైనా వంకర తిరుగుతుంది. అడుగు పలక వెడల్పు ఎక్కువ. అక్కడ చెక్క వేస్తే ఉబ్బి మూలల అతుకులను తోసేస్తుంది. పొరలు అడ్డం, నిలువుగా అతికిన ప్లైవుడ్ అలా కదలదు.

అయితే ప్లైవుడ్ అంతా ఒకటి కాదు. ఎం.ఆర్. (మాయిశ్చర్ రెసిస్టెంట్) గ్రేడు గాలిలో తేమకు ఆగుతుంది, నీళ్లకు ఆగదు. ఐ.ఎస్. 710 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చేసిన రకానిది నీళ్లకు ఆగే ఫినాల్ జిగురు. పరీక్షలో 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదు. 2022 జూలై గోదావరి వరద లంక ఊళ్ల ఇళ్లలోకి వచ్చింది కదా, మనకు కావలసింది ఈ రకమే. కోసిన అంచుల్లోంచే తడి ఎక్కుతుంది కాబట్టి వాటిని మూసి తీరాలి. ఇనప బల్లలు కొనొచ్చు కదా అంటారు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుము ఎలా తుప్పు పడుతుందో చూసినవాళ్లు ఆ మాట అనరు.

కొనుగోలు కాగితంలో ‘సొరుగులున్న చెక్క బల్ల’ అని మాత్రమే రాస్తే పొట్టు అతికిన పార్టికల్ బోర్డు కూడా చెల్లిపోతుంది. అధికారులు పక్కలకు ఏ చెక్కో, అడుగుకు ఏ ప్లైవుడ్డో, ఏ గ్రేడో విడివిడిగా రాయాలి. ప్లైవుడ్ షీటు కోశాక గ్రేడు ముద్ర ఉన్న ముక్క ఎటు పోతుందో తెలీదు. కోయక ముందే ముద్ర చూసి సంతకం పెట్టే మనిషి ఒకరుండాలి. పిలిస్తే ఆ పనికి మా ఊరి వడ్రంగులం వస్తాం.

ఇట్లు,
ఒక వడ్రంగి, రాజోలు