ఆ బాణం గుర్తు ఉన్నది మోకాలి మీద కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో బొమ్మలు గీయడం నేర్పుతున్నారు, సంతోషం. పోయిన వారం పాఠం, మనుషుల్లా బట్టలేసుకుని రెండు కాళ్ల మీద నడిచే జంతువుల బొమ్మలు. మా మనవరాలు ఆ పేజీ ముందు పెట్టుకుని నక్క డిటెక్టివ్‌ని గీస్తానని రెండు గంటలు కూర్చుంది. రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితానికి ఒకచోట చిల్లు పడింది. ఆఖరికి నా దగ్గరకొచ్చి, "అమ్మమ్మా, ఎంత గీసినా నక్క రావట్లేదు, నక్క మాస్కు పెట్టుకున్న అంకుల్ వస్తున్నాడు" అంది. ఇరవై ఎనిమిదేళ్లు డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పిల్ల చేతిలో తప్పేమీ లేదని చూడగానే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

మీ పాఠంలో ఇలా ఉంది: ఎనిమిది తలల ఎత్తున (అంటే తల పొడుగుకు ఎనిమిది రెట్లు) మనిషి ఒళ్లు గీయండి, పైన నచ్చిన జంతువు తల పెట్టండి, వెనక తోక తగిలించండి. పక్కనే ఒక కుక్క బొమ్మ. దాని వెనక కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే చోట బాణం గుర్తు వేసి 'మోకాలు' అని రాశారు.

ముందు ఆ బాణం సంగతి. అది మోకాలు కాదండీ, మడమ. కుక్క, పిల్లి, నక్క వేళ్ల మీద నడిచే జంతువులు, వాటి మడమ ఎప్పుడూ గాలిలోనే ఉంటుంది. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన బొచ్చులో కలిసిపోయి ఉంటుంది. అదీ మన మోకాలిలాగే వంగుతుంది. గుర్రం, జింక అయితే వేలి కొస మీదే నిలబడతాయి, గిట్ట అంటే ఆ వేలి గోరే. ఎలుగుబంటి మాత్రం వెనక పాదం మొత్తం నేలకు ఆనిస్తుంది, అందుకే అది లేచి నిలబడితే ఎవరో పెద్దమనిషి నిలబడ్డట్టు ఉంటుంది. నాకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి కాబట్టి మోకాలు ఎక్కడుంటుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు లెండి.

మనవరాలికి మాటలతో చెబితే ఎక్కలేదు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి, మోకాళ్లు కొంచెం వంచమన్నాను. పక్కనుంచి చూస్తే కాలు మూడు ముక్కలుగా మెలిక తిరిగింది. తర్వాత ఇంట్లో పిల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని వెనక కాలి మీద పిల్ల వేలు పెట్టి పంజా నుంచి పైకి జరిపించాను. గట్టిగా, మొనదేలి ఒక ఎముక తగిలింది. "ఇది నా మడమలాగే ఉందే" అంది. ఇంకా పైకి వెళ్లి మోకాలి చిప్ప వెతికేలోపు పిల్లి విసుక్కుని దూకి పోయింది. అయినా పాఠం అయిపోయింది.

అంతా ఇక్కడే ఉంది. మనిషి కాలికి ఎత్తు ఇచ్చేవి తొడ, పిక్క, రెండే. మునివేళ్ల మీద నిలబడిన నక్కకు పాదం కూడా ఎత్తులో చేరుతుంది. పిల్లలు ఏం చేస్తారంటే, మనిషి తొడ, మనిషి పిక్క అంతే పొడుగున ఉంచి, కింద ఇంకో పొడుగాటి పాదం అతికిస్తారు. కర్రకాళ్లు కట్టుకున్నట్టు తయారవుతుంది. కాలి మొత్తం ఎత్తు అంతే ఉంచి, దాన్నే మూడు ముక్కలకు పంచాలి. తొడ, పిక్క పొట్టివవుతాయి, ఫరవాలేదు. ఊరికే నిలబడిన బొమ్మ అయితే గొంతు గుంట నుంచి నిలువుగా ఒక గీత దించి చూడాలి. ఆ గీత పంజా మీద పడాలి. పంజాకు ముందో వెనకో పడితే బొమ్మ బోర్లా పడబోతున్నట్టో, వెనక్కి వాలుతున్నట్టో ఉంటుంది.

ఇక ఎనిమిది తలల లెక్క. మామూలుగా పెరిగిన మనిషి ఏడు, ఏడున్నర తలలుంటాడు. ఎనిమిది అనేది అందంగా, దర్జాగా చూపించడానికి చిత్రకారులు సాగదీసిన కొలత. ఏడాది పిల్లాడు నాలుగు తలలే. సరే, జంతువుకు తల అంటే ఎక్కణ్నుంచి ఎక్కడికి? మీ పాఠంలో ఆ మాటే లేదు. మా పిల్ల చెవుల కొసల నుంచి కొలిచింది. కుందేలుకు అలా కొలిస్తే లెక్క ఏమవుతుందో చూడండి! నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలవాలి, చెవులు లెక్కలోకి రావు, ముందుకు పొడుచుకొచ్చిన మూతీ రాదు. ఎనిమిది తలల ఒంటి మీద నక్క తల గుండుసూది మీద గుండులా చిన్నదైపోతుంది. కళ్లు, మూతి, మీసాలు, చెవులు ఇన్ని చోట్ల భావం పలికించాలంటే ముఖానికి చోటు కావాలి. నేనైతే నక్కను ఐదున్నర తలలకు, ఎలుకను మూడుకు దించుతాను. ఇది నా లెక్క, ఇంకొకరిది వేరే ఉండొచ్చు.

'అంకుల్' ఎక్కణ్నుంచి వచ్చాడో కూడా చెబుతాను. భుజాల నుంచి. మనకు కాలర్ బోన్ రెండు భుజాలనూ పక్కలకు తోసి పట్టుకుంటుంది. గుర్రానికి ఆ ఎముక లేనే లేదు. కుక్క జాతిలో ఉన్నా లేనట్టే. పిల్లికి చిన్న పుల్లలా కండల్లో తేలుతూ ఉంటుంది. అందుకే వాటి ఛాతీ ముందు నుంచి చూస్తే సన్నం, పక్క నుంచి చూస్తే లోతు. భుజాలు వెడల్పు చేసి కోటు తొడిగితే ఇంకేముంది, లోపల మనిషి దూరినట్టే.

మెడ ఇంకో చిక్కు. మన మెడ పుర్రెకు అడుగు నుంచి తగులుతుంది, నాలుగు కాళ్ల జంతువుకు వెనక నుంచి. కాబట్టి మెడ కొంచెం లావుగా, ముందుకు వాలి ఉండాలి. ఈ అతుకు దగ్గర పాతకాలం వాళ్లూ తంటాలు పడ్డట్టున్నారు. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు పాదం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే దాకా 18 గళ్లు గీసుకుని మనిషి బొమ్మ వేసేవారు. నక్క తల, డేగ తల దేవుళ్లకు మాత్రం మెడ రెండు వైపులా పొడుగాటి విగ్గు దించేవారు. జంతువు తల మనిషి ఒంటికి అతికే చోటు దాని కింద దాగిపోతుంది. చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, అంత తెలివి!

తోక గురించి ఒక్క మాట. అది వెన్నెముకకు కొనసాగింపు, వెన్ను ఆగిన చోటే మొదలవ్వాలి. ప్యాంటు మధ్యలోంచో, నడుం మీదనుంచో మొలవకూడదు.

కార్టూన్‌లో ఏదైనా సాగదీయొచ్చు, కుదించొచ్చు, దాన్ని నేను కాదనను. మడమను మోకాలని నేర్పితే మాత్రం పిల్ల దేన్ని సాగదీస్తుంది?

మా నక్క డిటెక్టివ్ రెండోసారి ఐదున్నర తలలతో, భుజాలు జారిన కోటుతో, మెడకు పెద్ద మఫ్లర్‌తో వచ్చాడు. మఫ్లర్ ఎందుకే అంటే, "విగ్గుకు బదులు" అంది. బూట్ల దగ్గరే ఆగిపోయింది. మడమ గాలిలో ఉంటే బూటు ఎక్కడిదాకా తొడగాలి అని అడుగుతోంది. ఆ బాణం గుర్తు సరిచేసేటప్పుడు ఆ సంగతీ గీసి చూపిస్తే, వచ్చే ఆదివారం దాకా ఆ నక్కను వట్టి కాళ్లతోనే ఉంచుతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్