2024–25 వార్షిక నివేదిక: శాఖా గ్రంథాలయంలో మన సంఘం కార్యక్రమాలు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సంఘ సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చెన్నైలో మన పేటలోని శాఖా గ్రంథాలయంతో కలిసి మన తెలుగు సంఘం జరిపిన కార్యక్రమాల వివరాలను నియమావళి ప్రకారం మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే గనుక వాటిని తిరిగి వివరించడం లేదు.

గ్రంథాలయంలో తెలుగు అలమర తాళం తీసేవారే కరువయ్యారని కిందటి సమావేశంలో పెద్దలు కొందరు బాధపడిన సంగతి గుర్తుండే ఉంటుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి పాఠ్యాంశం కావడంతో, ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే మన పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి అందకుండా పోయింది. ఆ చట్టం మంచిచెడ్డలు ఈ నివేదికలో చర్చించవలసినవి కావు. తమిళం బాగా వచ్చిన పిల్లలు మనకు గర్వకారణమే. బడిలో అందని తెలుగు అక్షరాన్ని గ్రంథాలయంలో అందించాలని కార్యవర్గం నిశ్చయించి, మే నెల సెలవుల నుంచి ఆదివారం ఉదయాల్లో కథల గంటను మొదలుపెట్టింది. పెద్దలు కథ చెప్పాలి, పిల్లలు దానిని తెలుగులో రాయాలి, బొమ్మలు వేయాలి, చివరికి తమ చేతులతోనే పుస్తకంగా కుట్టాలి అన్నది ఏర్పాటు. తొలి వారాల్లో కొందరు పిల్లలు తెలుగు మాటలను తమిళ అక్షరాలతోనే రాసుకొచ్చారు. మేము వద్దనలేదు. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం ఉండడం వల్ల తాము రాసినది తామే తప్పుగా చదివి నవ్వుకున్న పిల్లలు, ఆ తరువాత ఎవరూ చెప్పకుండానే తెలుగు అక్షరాల పలక అడిగి తీసుకున్నారు.

భారతదేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ గారి జయంతి ఆగస్టు 12న కాగా, సోమవారం పిల్లలకు బడి ఉన్నందున దానిని ముందురోజే జరిపాము. ఉపన్యాసాలు తగ్గించి, ఒక పుస్తకాల కుప్పను నేల మీద పోసి, పిల్లలనే వర్గాలుగా విడదీయమన్నాము. వంటల పుస్తకాన్ని వైద్యం పక్కన పెట్టాలని ఒక పాప చేసిన వాదన పెద్దలలో కూడా చాలామందికి నచ్చింది.

ఈ సంవత్సరం మన సంఘం తలెత్తుకుని చెప్పుకోదగిన సందర్భం జాతీయ గ్రంథాలయ వారోత్సవాలలో భాగంగా నవంబరు 17, ఆదివారం నాడు జరిగిన పిల్లల చేతిరాత పుస్తకాల ప్రదర్శన. ట్రిప్లికేన్ నుంచి వచ్చిన బైండింగు మేస్త్రి గారు అంతకు ముందు వారాల్లో దబ్బనంతో రంధ్రాలు చేయడం, దారం కుట్టడం, కాలికో గుడ్డ అంటించడం ఓపికగా నేర్పారు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపే పని మాత్రం పిల్లలను దగ్గరకు రానీయకుండా తామే చేశారు. ప్రదర్శనలో అందరినీ ఆపి నిలబెట్టిన పుస్తకం బకింగ్‌హాం కాలువ మీదిది. నెల్లూరు వైపు నుంచి పడవల్లో సరుగుడు కట్టెలు మద్రాసుకు వచ్చిన రోజులను, తెరచాపకు గాలి అందనప్పుడు గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగిన మనుషులను మన సభ్యులొకరు చెప్పగా, ఏడో తరగతి చదివే బాలుడు రాశాడు. ఇప్పుడు మురుగు పారే ఆ కాలువనే రోజూ దాటి బడికి వెళ్తున్నానని అతడు చివరి పుటలో రాసిన వాక్యం చదివి, వచ్చిన పెద్దలు కొంతసేపు అక్కడే మాట్లాడుకుంటూ నిలిచిపోయారు. గ్రంథపాలకురాలు గారు ఈ పుస్తకాలన్నింటికీ పిల్లల విభాగంలో ఒక అర కేటాయించారు. గ్రంథాలయ వాసగర్ వట్టం (పాఠకుల బృందం)లోని తమిళ మిత్రులు తమ పిల్లల కోసం కూడా ఇటువంటి తరగతి పెట్టమని అడగడం మనకు దక్కిన మరో గౌరవం.

రెండు వారాలు తిరగకుండానే ఫెంగల్ తుఫాను వచ్చింది. డిసెంబరు 1 నాటి కథల గంట జరగలేదు. కింది అరల్లోని తెలుగు పుస్తకాలు కొన్ని తడిశాయి. పుటల మధ్య పాత పత్రికల కాగితాలు పెట్టి ఫ్యాన్ల కింద ఆరబెట్టే పనికి వాట్సాప్‌లో "తప్పక వస్తాము" అని రాసినవారు చాలామంది. వచ్చినది ముగ్గురు మహిళా సభ్యులు, గ్రంథాలయ కాపలాదారు. ఈ మాట ఎవరినీ నొప్పించడానికి కాదు గాని, రాయకుండా ఉండడం వచ్చినవారికి అన్యాయం అవుతుంది.

జనవరిలో పిల్లలను, తాతమ్మలను ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి తీసుకువెళ్లాము. 1896లో ప్రారంభమైన ఆ గ్రంథాలయానికి, 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికి ఒక ప్రతిని ప్రచురణకర్త పంపవలసి ఉన్నదని తెలిసి, మన చేతిరాత పుస్తకాలు కూడా పంపుదామా అని పిల్లలు అడిగారు.

చూపు తగ్గిన వృద్ధుల ఇళ్లకు వెళ్లి పత్రికలు, నవలలు చదివి వినిపించే సేవ ఆరంభంలో బాగానే సాగినా, చదివేవారు చాలక దసరా తరువాత నెలకొకసారికి కుదించవలసి వచ్చింది.

కొత్త తెలుగు పుస్తకాల కోసం మనమిచ్చిన జాబితా సంబంధిత కార్యాలయంలో ఇంకా కదలలేదు. అడిగిన ప్రతిసారీ ఒక కొత్త బల్ల చూపిస్తున్నారు. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సుంకం మన ఇళ్లవారు కూడా చెల్లిస్తున్నారు గనుక, మనం అడుగుతున్నది దానం కాదని మరో వినతిపత్రంలో మర్యాదగానే రాశాము.

జమాఖర్చుల పట్టికను ఆడిటరు గారి సంతకంతో జతపరిచాము. ఖర్చులో ఎక్కువ భాగం కాగితం, బైండింగు సామగ్రి, కన్నెమరా ప్రయాణపు బస్సు కిరాయి; బకాయిలు లేవు. సందేహాలున్నవారు కోశాధికారి గారిని అడగగలరు.

గ్రంథపాలకురాలికి, సిబ్బందికి, బైండింగు మేస్త్రి గారికి, కథలు చెప్పిన అమ్మమ్మలకు, తాతయ్యలకు, వారోత్సవాల రోజున ఉచితంగా మైకు, షామియానా ఇచ్చిన ఉపాధ్యక్షుల కుటుంబానికి, ప్రతి ఆదివారం సుండల్ (గుగ్గిళ్లు) వండి పంపిన మహిళా విభాగానికి, పిల్లలను వేళకు తెచ్చి దింపిన తల్లిదండ్రులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

రాబోయే సంవత్సరంలో కథల గంటను తమిళ పిల్లలకు కూడా తెరవాలని, పెద్దలకు పుస్తకాల మరమ్మతు నేర్పాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. సేవకు ముందుకు వచ్చేవారి కోసం వేదిక పక్కన రిజిస్టరు ఉంచాము. పేరుతో పాటు ఏ ఆదివారం వస్తారో కూడా దయచేసి రాయండి. ఈ నివేదికను సభ ఆమోదం కోసం సమర్పిస్తున్నాను.

కార్యదర్శి, చెన్నై