వాలిడేషన్ పేరెంట్‌లో రాసేస్తే సరిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో స్టూడెంట్స్ కోసం వేస్తున్న ప్రోగ్రామింగ్ పాఠాల్లో ఇన్‌హెరిటెన్స్ (పేరెంట్ క్లాస్‌లో రాసింది దాని నుంచి పుట్టిన చైల్డ్ క్లాస్‌కి దానంతటదే రావడం) భాగం చదివాను, బాగుంది, తెలుగులో ఇలాంటివి వచ్చేదే తక్కువ కాబట్టి ముందు థ్యాంక్స్. కానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. వాలిడేషన్, అంటే ఇచ్చిన విలువ సరైనదో కాదో చూసే చెక్, ఒక్కసారి పేరెంట్ క్లాస్‌లో రాసేస్తే చైల్డ్ క్లాసులన్నిటికీ అదే వచ్చేస్తుంది, ఇక పట్టించుకోనక్కర్లేదు అన్నట్టు రాశారు. వచ్చే మాట నిజమే, పట్టించుకోనక్కర్లేదు అన్న ముక్కే కొంప ముంచేది. చైల్డ్‌కి వచ్చేది పేరెంట్ రాసిన మెథడ్ (క్లాస్ లోపలి ఫంక్షన్), ఆ మెథడ్ ప్రతిసారీ నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

మీ పాఠాలు పైథాన్‌లోనే కాబట్టి అదే తీసుకుందాం. వ్యక్తి అని ఒక క్లాస్, అందులో వయసు అని ఒక ప్రాపర్టీ, దాని సెట్టర్‌లో, అంటే విలువ పెట్టిన ప్రతిసారీ నడిచే మెథడ్‌లో, 0 నుంచి 120 మధ్య లేకపోతే ఎర్రర్ ఇచ్చేలా చెక్ రాశాం అనుకోండి. ఉద్యోగి అని చైల్డ్ క్లాస్ రాసి వయసు జోలికి పోకపోతే చెక్ చక్కగా పనిచేస్తుంది. కానీ చైల్డ్ రాసేవాడు డిఫాల్ట్ ఇద్దామని క్లాస్ బాడీలో వయసు = 18 అని ఒక్క లైన్ పెట్టాడా, పేరెంట్‌లో ఉన్న ప్రాపర్టీ ఆ క్లాస్‌కి ఇక కనబడదు, వయసు మైనస్ 5 అన్నా తీసుకుంటుంది, "రేపు చెప్తా" అని స్ట్రింగ్ ఇచ్చినా తీసుకుంటుంది, ఎర్రర్ లేదు వార్నింగ్ లేదు. సూపర్ (పేరెంట్ మెథడ్‌ని పిలిచే పద్ధతి) పెట్టి పేరెంట్ ఇనిట్‌ని (ఆబ్జెక్ట్ పుట్టగానే నడిచే మెథడ్) బుద్ధిగా పిలిచినా అంతే, ఎందుకంటే అక్కడ సెల్ఫ్ డాట్ వయసు అని అసైన్ చేసినప్పుడు పైథాన్ ఆ పేరుని ముందు ఉద్యోగి క్లాస్‌లోనే వెతుకుతుంది, అక్కడ మామూలు 18 దొరికింది, సెట్టర్ లేదు, కాబట్టి విలువని నేరుగా ఆబ్జెక్ట్‌లో పడేస్తుంది. గెట్టర్ (విలువ చదివేటప్పుడు నడిచే మెథడ్) ఒక్కటే మారుద్దామని చైల్డ్‌లో ప్రాపర్టీ మళ్ళీ రాసినా పేరెంట్ సెట్టర్ పోతుంది గానీ అది నయం, అసైన్ చేయగానే ఎర్రర్ కొట్టి దొరికిపోతుంది.

పైథాన్ 3.7తో, అంటే 2018లో, వచ్చిన డేటాక్లాసుల్లోనూ (ఫీల్డులు చెప్తే ఇనిట్ దానంతటదే తయారయ్యే క్లాసులు) ఇదే గొడవ. పేరెంట్ తన చెక్‌లని పోస్ట్ ఇనిట్‌లో (ఆ ఇనిట్ చివర్లో నడిచే మెథడ్) పెట్టుకుంటుంది, చైల్డ్ తన పోస్ట్ ఇనిట్ తను రాసుకుని సూపర్ పిలవడం మర్చిపోతే పేరెంట్ చెక్‌లు నడవవు. పైగా పోస్ట్ ఇనిట్ ఆబ్జెక్ట్ పుట్టినప్పుడే నడుస్తుంది, ఆ తర్వాత ఎవరైనా వయసు మార్చేస్తే అడిగే నాథుడు లేడు. ఈ రెండో సంగతికి ఇన్‌హెరిటెన్స్‌తో సంబంధం లేదనుకోండి, కానీ రెండూ కలిసి వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నరకం.

జావాలో ఇంకో రకం గమ్మత్తు ఉంది, ఇది చాలా సీనియర్ల కోడ్‌లో కూడా కనబడుతుంది. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కోడ్) లోపల చెక్ అనే మెథడ్‌ని పిలుస్తుంది, చైల్డ్ దాన్ని ఓవర్‌రైడ్ చేసి, అంటే అదే పేరుతో తనది రాసుకుని, "కనీస వయసు కన్నా తక్కువైతే ఒప్పుకోకు" అని రాస్తుంది, కనీస వయసు అనేది చైల్డ్‌లో 18 అని పెట్టిన మామూలు ఫీల్డ్. చూడ్డానికి ఏ దోషమూ లేదు. కానీ పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడిచే టైముకి చైల్డ్ ఫీల్డ్‌లో ఆ 18 ఇంకా పడదు, అందులో ఉండేది 0, కాబట్టి 5 ఏళ్ల పిల్లాడు ఉద్యోగి అయిపోతాడు, చెక్ నడిచింది కూడా, లాగ్ పెట్టి చూస్తే నడిచినట్టే కనబడుతుంది! సీ ప్లస్ ప్లస్‌లో అయితే పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నుంచి పిలిస్తే పేరెంట్ చెక్కే నడుస్తుంది, చైల్డ్‌ది అసలు నడవదు. ఒకే ఐడియా, రెండు భాషల్లో రెండు రకాలుగా ఫెయిల్. అందుకే కన్‌స్ట్రక్టర్ నుంచి ఓవర్‌రైడ్ చేయగలిగే మెథడ్‌ని పిలవొద్దని అనుభవం ఉన్నవాళ్ళు చెప్తారు, మీ పాఠంలో ఉదాహరణ సరిగ్గా అదే చేస్తోంది.

ఇక అసలు విషయానికొస్తే, చైల్డ్ రూల్‌ని బిగించొచ్చా? పేరెంట్ 0 నుంచి 120 అంటుంది, చైల్డ్ 18 నుంచి 60 అంటుంది, మనకి ఇది సహజంగానే అనిపిస్తుంది. కానీ వ్యక్తిని తీసుకుని వయసు 10 అని సెట్ చేసే ఫంక్షన్ ఒకటి ఎక్కడో ఉంటుంది, అది రాసినవాడికి వ్యక్తి రూల్ మాత్రమే తెలుసు, దానికి ఉద్యోగి ఆబ్జెక్ట్ ఇస్తే పగిలిపోతుంది. తప్పు ఎవరిదండీ? ఫంక్షన్‌ది కాదు. కంప్యూటర్ సైంటిస్ట్ బార్బరా లిస్కోవ్ 1987లో ఒక కాన్ఫరెన్స్ ప్రసంగంలో చెప్పి, 1994లో జెనెట్ వింగ్‌తో కలిసి పేపర్‌గా రాసింది ఇదే, పేరెంట్ ఉన్న చోట చైల్డ్‌ని పెడితే ప్రోగ్రామ్‌కి తేడా తెలియకూడదు అని. బెర్‌ట్రాండ్ మేయర్ అయితే తన ఐఫెల్ భాషలోనే ఈ రూల్ పెట్టేశాడు, మెథడ్ పిలిచేవాళ్ళ మీద పెట్టే షరతుని చైల్డ్ సడలించగలదే గానీ బిగించలేదు, క్లాస్ ఇన్వేరియంట్లు (ఆబ్జెక్ట్ ఎప్పుడూ నిలబెట్టుకోవాల్సిన షరతులు) మాత్రం పేరెంట్‌వి చైల్డ్‌వి కలిపి అన్నీ వర్తిస్తాయి, చైల్డ్ రాసినవాడు గుర్తుపెట్టుకున్నా పెట్టుకోకపోయినా. నా దృష్టిలో ఇన్‌హెరిట్ అయ్యే వాలిడేషన్ అంటే అదీ, మిగతా భాషల్లో దాన్ని మనమే కష్టపడి కట్టుకోవాలి.

మరి 18 నుంచి 60 అవసరం నిజంగానే ఉంటే? సెట్టర్ తీసేయండి. వయసు కన్‌స్ట్రక్టర్‌లో మాత్రమే ఇచ్చి తర్వాత మార్చడానికి వీల్లేకుండా చేస్తే చైల్డ్ ఎంత బిగించినా ఎవరికీ నొప్పి లేదు, ఎందుకంటే వయసుని చదివే కోడ్‌కి వచ్చే 18 నుంచి 60 కూడా 0 నుంచి 120 లోపలే ఉంది. మార్చగలిగే అట్రిబ్యూట్ దగ్గరే ఈ తలనొప్పంతా.

మార్చక తప్పదంటే పేరెంట్ గట్టిగా ఉండాలి. జావాలో ఫీల్డ్ ప్రైవేట్, సెట్టర్ ఫైనల్, అప్పుడు చైల్డ్ దాన్ని ఓవర్‌రైడ్ చేయలేదు. పైథాన్‌లో అంత గట్టి తాళం లేదు గానీ 3.6 నుంచి ఇనిట్ సబ్‌క్లాస్ అనే హుక్ ఉంది, చైల్డ్ క్లాస్ డిఫైన్ అవుతున్న క్షణంలోనే పేరెంట్ కోడ్ నడుస్తుంది, వయసు అనే పేరుని చైల్డ్ మళ్ళీ వాడిందేమో చూసి అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చేయొచ్చు, పైన చెప్పిన వయసు = 18 అప్పుడే దొరుకుతుంది. ఇంకో పద్ధతి, ప్రతి క్లాస్ తన రూల్స్ తన దగ్గర లిస్టుగా పెట్టుకుంటుంది, పేరెంట్‌లో ఉన్న ఒకే ఒక్క మెథడ్ ఎమ్మార్వో (పైథాన్ ఒక పేరుని చైల్డ్ నుంచి పేరెంట్ల దాకా వెతికే వరస) ప్రకారం అన్ని క్లాసుల లిస్టులూ తిరిగి నడిపిస్తుంది, చైల్డ్ సూపర్ పిలవడం మర్చిపోయే అవకాశమే ఉండదు. జావాలో వాలిడేషన్ కోసం ఉన్న బీన్ వాలిడేషన్ అనే స్టాండర్డ్ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, పేరెంట్ మీద పెట్టిన అన్నోటేషన్లు (కోడ్ మీద రూల్స్‌ని రాసే గుర్తులు) పోవు, చైల్డ్‌వి వాటికి తోడవుతాయి. ఓవర్‌రైడ్ చేసిన మెథడ్ పారామీటర్ల మీద మాత్రం కొత్త షరతులు పెడితే ఒప్పుకోదు, లిస్కోవ్ మాట అక్కడ కూడా ఉంది చూడండి.

పాఠం తర్వాతి భాగంలో ఎలాగూ టెస్టింగ్ వస్తుందన్నారు కాబట్టి ఒక చిన్న విన్నపం. వ్యక్తి క్లాస్ కోసం రాసిన టెస్టుల్ని ఆబ్జెక్ట్ మాత్రం మార్చి ఉద్యోగి మీద కూడా నడిపించి చూపించండి, 121 ఇస్తే తిరస్కరించాలి, మైనస్ 1 ఇస్తే తిరస్కరించాలి, 10 ఇస్తే ఒప్పుకోవాలి అని. మొదటి రెండూ ఫెయిలైతే చైల్డ్‌లో చెక్ పోయినట్టు, మూడోది ఫెయిలైతే చైల్డ్ రూల్ బిగించినట్టు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి