కౌంటీ నోటీసులకూ ఒక మూల చోటివ్వండి

సంపాదకులకు,

ఆర్యా,

మీ పత్రిక ప్రవాసుల పేజీని నేను పదేళ్లుగా క్రమం తప్పకుండా చదువుతున్నాను. డాలస్ చుట్టుపక్కల జరిగే ఉగాది కవి సమ్మేళనాలు, బతుకమ్మ ఆటలు, సంక్రాంతి ముగ్గుల పోటీలు, సంఘాల కొత్త కార్యవర్గాలు, ఎవరు ఎవరికి శాలువా కప్పారన్న వివరం ఏదీ అందులో తప్పిపోదు. ఆ ఫొటోల వెనక వరుసలో నేను కూడా రెండుసార్లు నిలబడ్డాను గనుక ఇది ఫిర్యాదుగా రాయడం లేదు. కానీ అదే పేజీ చదివే వేలాది కుటుంబాల ఇంటి ఖర్చును, పిల్లల బడిని, వీధిని నిర్ణయించే కౌంటీ ప్రకటనలు మాత్రం ఆ పేజీలో ఒక్కనాడూ కనిపించలేదు. వాటికి వారానికి అర కాలమ్ చోటు కేటాయించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మా ఇల్లు టెక్సాస్‌లోని కాలిన్ కౌంటీలో ఉంది. ఈ రాష్ట్రంలో 254 కౌంటీలున్నాయి. అక్కడి జిల్లాలాంటిదే కౌంటీ అని మనవాళ్లు సులువుగా చెప్పేస్తారు గానీ, ఇక్కడ కలెక్టరంటూ ఎవరూ ఉండరు. ప్రజలు ఎన్నుకున్న కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసి కమిషనర్స్ కోర్టు పేరుతో పాలన నడుపుతారు. పేరులో కోర్టు ఉన్నా అది బడ్జెట్టు, పన్ను రేటు, రోడ్లు చూసే పాలక మండలి. రాష్ట్రంలో ఆదాయపు పన్ను లేదని సంబరపడి వచ్చిన మనందరి దగ్గరా ఆ లోటును ఇంటి పన్ను తీర్చుకుంటుంది. ఆ పన్నుకు సంబంధించిన ప్రతి మెట్టులోనూ ముందుగా ఒక నోటీసు వస్తుంది, దాని కింద ఒక గడువు తేదీ ఉంటుంది.

నా పొరపాటే చెబుతాను. మేము 2017 చివర్లో కొత్త ఇల్లు కొన్నాం. ఇంటి విలువను ఏటా జనవరి 1 నాటి స్థితిని బట్టి లెక్కగడతారు. ఆ ఏడాది జనవరి 1న మా స్థలంలో ఇల్లే లేదు కాబట్టి మొదటి పన్ను నేలకు మాత్రమే పడింది. అది చూసి, ఇక్కడ పన్ను గురించి జనం ఊరికే భయపెడుతున్నారనుకున్నాను. మరుసటి ఏడు పూర్తి ఇంటికి పన్ను పడేసరికి, పన్ను కట్టడానికి బ్యాంకు మన వాయిదాతో పాటు వసూలు చేసి దాచే ఎస్క్రో ఖాతాలో లోటు వచ్చిందంటూ బ్యాంకు నెలవారీ వాయిదాను పెంచింది. ఎస్క్రో వల్ల వచ్చే చిక్కే ఇది. పన్ను మన చేతి మీదుగా కట్టం గనుక, అది ఎంతో, ఎందుకు పెరిగిందో చూసుకునే అలవాటే పోతుంది. అదే సమయంలో మా పెట్టెలో ఒక ప్రైవేటు సంస్థ ఉత్తరం పడింది. చూడటానికి ప్రభుత్వ కాగితంలాగే ఉన్న ఆ ఉత్తరంలో, రుసుము పంపితే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు, అంటే మనం నివసించే సొంత ఇంటికి పన్నులో ఇచ్చే తగ్గింపుకు, తామే దరఖాస్తు చేసిపెడతామని రాసి ఉంది. అది మోసమేమోనని చింపేసి నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ దరఖాస్తును ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ కార్యాలయంలో ఒక్క డాలరు రుసుము లేకుండా మనమే ఇచ్చుకోవచ్చన్న సంగతి ఆ తెలివికి తట్టలేదు. అప్పటి నుంచి ‘హోమ్‌స్టెడ్’ అన్న మాట కనిపించిన ప్రతి కవరూ విప్పకుండానే చెత్తబుట్టకు చేరింది.

2022లో మా నాన్నగారు మా దగ్గరకు వచ్చారు. గుంటూరు జిల్లాలో ఒక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు 30 ఏళ్లకు పైగా దస్తావేజులు రాసిన మనిషి ఆయన. ఇంగ్లీషు మాట్లాడటం రాదు గానీ కాగితం చూస్తే అది ఎలాంటిదో చెప్పగలరు. రోజూ మధ్యాహ్నం పోస్టు పెట్టె దగ్గరకు నడిచివెళ్లి కవర్లన్నీ తెచ్చి, డైనింగ్ బల్ల మీద పరిచి, పేపర్ కటింగులు దాచుకునే కత్తెరతో ఒక్కొక్కటీ అంచు వెంట కోసి, తేదీ ఉన్నవి ఒక వైపు, లేనివి ఒక వైపు పెట్టేవారు. ఏప్రిల్‌లో ఒకరోజు మా ఇంటి విలువ నోటీసు పట్టుకుని నన్ను కూర్చోబెట్టారు. ‘‘మినహాయింపులు అన్న గడి ఖాళీగా ఉందేమిట్రా? పక్కింటాయన కాగితంలో అక్కడ అంకె ఉంది’’ అన్నారు. ఆయన పక్కింటి కాగితం ఎప్పుడు చూశారో నేను అడగలేదు. ఆలస్యంగానైనా, పన్ను బకాయిగా మారిన తేదీ నుంచి రెండేళ్ల లోపు దరఖాస్తు ఇవ్వొచ్చన్న నిబంధన వల్ల 2020, 2021 సంవత్సరాల మినహాయింపు దక్కింది. అంతకుముందు రెండేళ్లది పోయింది.

అప్పట్లో బడి పన్నులో, అంటే ఇంటి పన్నులో బడులకు వెళ్లే భాగంలో, ఆ మినహాయింపు 25 వేల డాలర్ల విలువకే ఉండేది. 2022లో అది 40 వేలు, 2023లో లక్ష, 2025 నవంబరు ఓటింగు తర్వాత లక్షా 40 వేలు అయింది. బడి పన్ను రేటు వంద డాలర్లకు ఒక డాలరు అనుకున్నా, ఈ ఒక్క కాగితం ఇవ్వని కుటుంబం ఏటా 1,400 డాలర్లు ఊరికే వదులుకుంటున్నట్టు. పైగా మినహాయింపు ఉన్న ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి పది శాతం మించి పెరగకుండా మరుసటి ఏడాది నుంచి రక్షణ ఉంటుంది. ధరలు మండిపోయిన సంవత్సరాల్లో అసలు కంటే ఈ కొసరే పెద్దదిగా తేలింది. 65 ఏళ్లు దాటినవారి పేరున ఇల్లుంటే అదనపు మినహాయింపుతో పాటు బడి పన్ను మొత్తం మీద పరిమితి కూడా ఉంటుంది. దరఖాస్తుకు కావలసిందల్లా ఒక ఫారం, ఆ ఇంటి చిరునామాతో ఉన్న టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు లేదా గుర్తింపు కార్డు. ఒకసారి ఇచ్చేశాం కదా అని ఊరుకోవడానికీ లేదు. 2023లో వచ్చిన చట్టం ప్రకారం కనీసం ఐదేళ్లకోసారి అప్రైజల్ డిస్ట్రిక్ట్ అర్హతను తిరిగి సరిచూడాలి. అందుకోసం వచ్చే ఉత్తరాన్ని పారేసినవారికి ఉన్న మినహాయింపు కూడా పోవచ్చు.

మా ఊళ్లో పంచాయతీ కబురు ఏదైనా ఉంటే తలారి టముకు వేసుకుంటూ వీధివీధికీ వచ్చేవాడు. ‘‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’’ అని అతను మొదలుపెడితే చేతిలో పని వదిలి గుమ్మంలోకి రాని ఇల్లు లేదు. ఇక్కడా చట్టం చాటింపు వేయకుండా ఏ పనీ చేయనివ్వదు. 2025 సెప్టెంబరు 1 నుంచి కమిషనర్స్ కోర్టు అయినా సిటీ కౌన్సిల్ అయినా కనీసం మూడు పనిదినాల ముందు అజెండాను ప్రకటించాలి. పక్క స్థలాన్ని నివాసాల నుంచి వ్యాపారానికి మార్చాలంటే 200 అడుగుల లోపున్న ఇళ్ల యజమానులకు విడిగా నోటీసు పంపాలి. మడ్ అని మనవాళ్లు పిలిచే నీటి సదుపాయాల జిల్లాలో ఇల్లు అమ్మేటప్పుడు, ఆ అదనపు పన్ను గురించి కొనేవారికి ముందే రాతపూర్వకంగా తెలపాలి. తెలుపుతారు కూడా. సంతకాల కాగితాల దొంతరలో ఎక్కడో ఉంటుంది. గృహప్రవేశానికి ముహూర్తం వెతికే హడావుడిలో దాన్ని ఆగి చదివినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

మీ పత్రికలో ఇవి ప్రకటనల రూపంలో రావడం కుదరదని నాకు తెలుసు. చట్టబద్ధమైన నోటీసు వేయడానికి ఇక్కడి అచ్చు పత్రిక కనీసం వారానికోసారి వెలువడాలనీ, తన నిడివిలో పావు వంతైనా సాధారణ ఆసక్తి గల విషయాలకు ఇవ్వాలనీ, ప్రచురణ జరిగే కౌంటీలో తపాలా నమోదు ఉండాలనీ, ఏడాదిగా నడుస్తూ ఉండాలనీ టెక్సాస్ చట్టం చెబుతుంది. కాబట్టి ప్రకటన ఆదాయం మీకు రాదు. నేను అడుగుతున్నది వార్తగా వేయమని. ఏప్రిల్ 30 లోపు మినహాయింపు దరఖాస్తు ఇవ్వాలని, మే 15 లోపు గాని, నోటీసు పంపిన 30 రోజుల లోపు గాని, ఏది తర్వాతైతే ఆ తేదీలోగా ఇంటి విలువ మీద ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, వేయవచ్చని, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పన్ను రేటు మీద బహిరంగ విచారణలుంటాయని, జనవరి 31 దాటితే పన్ను బకాయి అవుతుందని, పౌరసత్వం లేనివారు జ్యూరీలో కూర్చోకపోయినా సమన్లకు ఆ మాట తెలుపుతూ జవాబు ఇచ్చి తీరాలని నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. ఐటీ ఉద్యోగాలు చేసే మనకు ఇంగ్లీషు నోటీసు అర్థం కాదా అని మీరు అడగవచ్చు. అర్థమవుతుంది, చదవం. మధ్యాహ్నం ఇంట్లో ఉండి మీ పత్రికను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేది మా తల్లిదండ్రులు. వాళ్ల చెవిన వేస్తే రాత్రి భోజనాల దగ్గర మమ్మల్ని వదలరు.

ఇంకొక్క మాట ఇక్కడే చెప్పాలి. కమిషనర్స్ కోర్టు, సిటీ కౌన్సిల్ లాంటి సభల్లో అజెండా అంశం మీద మాట్లాడే హక్కు 2019 చట్టంతో టెక్సాస్ ప్రజలందరికీ వచ్చింది. దుబాసీ ద్వారా మాట్లాడేవారికి మిగతావారికి ఇచ్చే సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. మా సిటీ కౌన్సిల్‌లో నిరుడు మా వీధి చివర కాలిబాట ప్రస్తావన వచ్చినప్పుడు నాన్నగారు మాట్లాడతానన్నారు. ఇతరులకు మూడు నిమిషాలు, ఆయనకు ఆరు. తెల్లచొక్కా, ఉత్తరీయంతో మైకు ముందు నిలబడి, బండ్లు వేగంగా పోయే ఆ మలుపులో సాయంత్రం నడకకు వెళ్లే ముసలివాళ్లు రోడ్డు దిగి నడవవలసి వస్తోందని తెలుగులో చెప్పారు. పక్కన నిలబడి నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయనకు ఓటు లేదు. అయినా కౌన్సిల్ సభ్యులు రాసుకున్నారు. బయటికి వచ్చాక, మూడో వాక్యంలో ‘వర్షాకాలంలో’ అన్న మాట నేను వదిలేశానని ఆయన కోప్పడ్డారు.

మార్చి చివరి వారంలో ఈ కాలమ్ మొదలుపెడితే ఏప్రిల్, మే గడువులు రెండూ పాఠకులకు అందుతాయి. కాలిన్, డెంటన్ కౌంటీల అజెండాలు చూసి తేదీలు రాసి పంపే పని, మీరు అనుమతిస్తే, నేను జీతం లేకుండా చేస్తాను. ప్రతి తేదీనీ మూల కాగితంతో సరిపోల్చి చూసే పని నాన్నగారు తీసుకున్నారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
కాలిన్ కౌంటీ, టెక్సాస్