నల్లమలలో నాన్నను కాపాడిన అన్నకు కృతజ్ఞతలు

నాన్నను నిన్న సాయంత్రం ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. స్టెంట్ వేశారు, గండం గడిచిందన్నారు. కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఇది రాసే పడుకుంటాను.

శివరాత్రికి వెంకటాపురం నుంచి శ్రీశైలానికి అడవి దారిన నడుస్తున్నాం. నాగలూటి దాటాక, పెద్దచెరువు ఇంకా రాకముందే నాన్న గుండె పట్టుకుని కూలబడ్డారు. ఎవరి ఫోన్‌లోనూ సిగ్నల్ లేదు. మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే అత్యవసర నంబర్ 112 కలుస్తుంది. అక్కడ ఏ టవరూ అందదు. బావ అమెరికా నుంచి తెచ్చుకున్న ఫోన్‌లో శాటిలైట్ ఎస్‌ఓఎస్ (టవర్ లేకున్నా ఉపగ్రహం ద్వారా సాయం అడిగే వీలు) ఉంది గానీ, ఆ సేవ మన దేశంలో లేదు.

అప్పుడొచ్చాడు ఆ చెంచు అన్న. అటవీశాఖ బేస్ క్యాంపు వాచర్. చేతిలో వాకీటాకీ. కొండ అడ్డముంటే ఆ సెట్టు పలకదు, గరగర తప్ప మాట లేదు. "భయపడాకు తల్లీ, మిట్టెక్కితే పలుకుతాది" అంటూ చెప్పులు లేని కాళ్లతో రాళ్లగుట్ట ఎక్కాడు. "పెద్దాయన, గుండెనొప్పి, నాగలూటి దాటినాక, జీపు కావాల" అని చెప్పిందే చెప్పాడు, అవతలివాళ్లు తిరిగి అప్పజెప్పేదాకా వదల్లేదు. దిగొచ్చి తన తువ్వాలు మడిచి నాన్న తల కింద పెట్టాడు. జీపు వచ్చేదాకా ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే కూర్చున్నాడు. అంతవరకూ బిగబట్టుకున్న నేను అది చూసి భోరుమన్నాను.

డబ్బులివ్వబోతే ముట్టుకోలేదు. "నాయన ఎట్లుండాడో సెట్టులో చెప్పించమ్మా" అన్నాడు, అంతే. రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పించాం. అన్నా, నీ రుణం ఎట్లా తీర్చుకోవాలి?

ఆస్పత్రిలో అమ్మ, తమ్ముడు, బావ పగలూ రాత్రీ ఉన్నారు.

ఒక్కటి మాత్రం అడగాలి. శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా దగ్గరుంచుకుంటే కేసు. సరే, రూల్ రూలే. మరి ఏటా వేలమంది నడిచే దారిలో పండగ రోజులకైనా ఒక తాత్కాలిక టవర్ పెట్టలేరా? అన్నదానం పందిళ్ల దగ్గర ఒక్కో వైర్‌లెస్ సెట్టు, అది పట్టుకునే ఒక్కో మనిషి ఉంటే చాలు కదా! స్వాగతం ఫ్లెక్సీలకు దొరికే డబ్బు దీనికి దొరకదా?

జీపు డ్రైవరన్నకు, 108 సిబ్బందికి దండాలు. దుప్పటి ఇచ్చిన బళ్లారి భక్తులకు కూడా.

అయ్యో, ఇప్పుడే అమ్మ గుర్తుచేసింది: నాన్నను నడవనివ్వకుండా పడుకోబెట్టి, తన సంచిలోంచి ఆస్పిరిన్ తీసి నమిలించిన నర్సుగారు! ఆవిడది ఆత్మకూరు వైపు అన్నారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆవిడతో మాట్లాడాలి.