మూడు రోజులకు తిరిగి తీసుకునేది కానుక కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. ఉచితంగా ఆడుకునే ఆన్‌లైన్ గేముల్లో కొందరు డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువులనే కొన్నాళ్లకు అందరికీ ఊరికే పంచిపెడుతున్నారని, ఇది కొన్నవారికి చేస్తున్న ద్రోహమని ఆయన బాధ. జవాబు రాయాలని ఆ రోజు నుంచే అనుకుంటున్నాను. ఎందుకంటే నేనూ కొన్నదాన్నే. ఆయన కోపం ఎలాంటిదో నాకు తెలుసు. అయినా ఆయనతో ఏకీభవించలేను. ఈ పంపకాల మీద నాకూ ఫిర్యాదు ఉంది కానీ అది పూర్తిగా వేరు.

నేను ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తాను. తమ్ముడు నాకంటే పదకొండేళ్లు చిన్నవాడు, దూరంగా ఉండి చదువుకుంటున్నాడు. రోజూ రాత్రి ఒక గంట ఇద్దరం ఒకే గేములో కలుస్తాం. మా జట్టులో నలుగురు, ఎదుట నలుగురు. ఫోను చేసి ఎలా ఉన్నావంటే రెండు ముక్కల్లో తేల్చేసే పిల్లవాడు, ఆటలో గోడ చాటున నక్కి ఎదుటి జట్టు కోసం కాచుకుని ఉన్నప్పుడు మాత్రం పరీక్ష సరిగా రాయని సంగతి, గదిలో స్నేహితుడితో మాటలు లేని సంగతి తనంతట తానే చెబుతాడు. ఆ గంట నాకెంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ గేములో బాణాలు వేసే ఒక యోధురాలుంది. ఆమెకు నెమలి రంగుల వేషం ఒకటి అమ్మకానికి పెట్టారు. ఆడేవాళ్లు దీన్ని స్కిన్ అంటారు. ఆ వేషంలో బాణం వదిలితే వెనకాల నీలం, పచ్చ కలిసిన పింఛం ఒక్క క్షణం విచ్చుకుని మాయమవుతుంది. దానివల్ల బాణం బలం వెంట్రుకవాసి కూడా పెరగదు. అయినా నాకు కావాలనిపించింది. రెండు నెలలు చిల్లర ఖర్చులు తగ్గించుకుని కొనుక్కున్నాను. ఏడు నెలలు గడిచాక గేము వార్షికోత్సవం వచ్చింది. పది రోజుల పాటు రోజుకు మూడు ఆటలు ఆడినవారందరికీ అదే వేషం ఉచితమని ప్రకటించారు.

ఆ రాత్రి నాకు ఒళ్లు మండిపోయింది. గేము సంస్థకు ఫిర్యాదు కూడా రాశాను. అందులో నేను వాడిన మాటలూ మీ పాఠకుడు వాడిన మాటలూ దాదాపు ఒకటే.

పదో రోజు రాత్రి తమ్ముడికి ఆ వేషం వచ్చింది. "అక్కా, ఇటు తిరుగు" అని నా పక్కకు వచ్చి నిలబడి, గురి ఏమీ లేకుండా ఆకాశంలోకి బాణం వదిలాడు. పింఛం విచ్చుకుంది. నేనూ వదిలాను. ఒకటి ఆరిపోయేలోపు ఇంకొకటి, అలా ఇద్దరం బాణాలన్నీ అయిపోయేదాకా వేస్తూనే ఉన్నాం. ఈలోగా ఎదుటి జట్టు వచ్చి మీద పడింది. ఓడిపోయాం. వాడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. వాడి దగ్గర కొనడానికి డబ్బు లేదు, నన్ను అడగడానికి మొహమాటం. ఏడు నెలలు నా పక్కన మామూలు బట్టలతో ఆడుతూ ఒక్కసారీ ఆ వేషం ప్రస్తావన తేలేదు. ఇన్నాళ్లూ వాడికీ అది కావాలనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచించాను. నేను కొన్నదేమిటి? ఏడు నెలల ముందస్తు. ఆ ఏడు నెలలూ నేను అనుభవించాను, వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కంప్యూటర్‌లో ఉన్న బొమ్మను ఇంకో లక్ష మందికి ఇస్తే నా బొమ్మ చిరగదు, రంగు వెలిసిపోదు. కొత్తగా తయారు చేయాల్సిన సరుకు కాదు కాబట్టి ఇచ్చేవారికీ దాదాపు ఖర్చు లేదు. పోయింది ఒక్కటే, అది నాకు మాత్రమే ఉందన్న గొప్ప. ఆ గొప్పను కాపాడతామని వారు నాకు మాట ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే సంగతి వేరు. 'ఇది మళ్లీ ఎప్పటికీ రాదు' అని చెప్పి అమ్మిన వస్తువును తర్వాత పంచితే అది అబద్ధం చెప్పి అమ్మినట్టే. అలాంటి చోట మీ పాఠకుడి పక్షాన నేనూ నిలబడతాను.

కొన్నవారిని గౌరవించే దారులు లేకపోలేదు. 2007లో డబ్బుకు అమ్మిన టీమ్ ఫోర్ట్రెస్ 2 గేమును 2011 జూన్‌లో వాల్వ్ సంస్థ అందరికీ ఉచితం చేసింది. అంతకుముందే కొన్నవారికి ఒక టోపీ ఇచ్చింది. దాని పేరు 'ప్రూఫ్ ఆఫ్ పర్చేజ్', అంటే కొన్నానన్నదానికి రుజువు. రాకెట్ లీగ్ 2020 సెప్టెంబరులో ఉచితమైనప్పుడు కూడా పాత కొనుగోలుదారులకు ప్రత్యేక గుర్తింపు, కొన్ని వస్తువులు దక్కాయి. ముందుగా వచ్చినవారికి ఒక గుర్తు, తర్వాత వచ్చినవారికి లోపలికి దారి. రెండూ ఒకేసారి సాధ్యమే.

పైగా కొనే మనకు కొనని వారితో ఎంత అవసరముందో చాలామంది గమనించరు. మా ఆట మొదలవ్వాలంటే ఎనిమిది మంది దొరకాలి, అదీ దాదాపు ఒకే స్థాయి వారు. డబ్బు కట్టేవారు ఎక్కడైనా కొద్దిమందే. కొనని వారంతా విసుగుపుట్టి వెళ్లిపోతే మనం కొన్న వేషం వేసుకుని ఖాళీ గదిలో ఎదురుచూస్తూ కూర్చోవాలి. కానుకలు పంచని రోజుల్లో ఒక ఆట దొరకడానికి మాకు ఆరేడు నిమిషాలు పట్టేది. ఆ వార్షికోత్సవం పది రోజులూ నిమిషంలోపే దొరికింది. నా డబ్బుకు అంతకంటే మంచి ప్రతిఫలం ఏముంటుంది?

ఆట బలాబలాలకు సంబంధించినవైతే పంచి తీరాల్సిందే అంటాను. డోటా 2 అనే గేములో వందకు పైగా ఉన్న యోధులందరూ ప్రతి ఒక్కరికీ ఉచితం, అమ్మేది అలంకారాలను. ఓవర్‌వాచ్ 2 గేము తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ 2022 అక్టోబరులో ఇందుకు భిన్నంగా నడిచింది. కొత్త యోధులను బ్యాటిల్ పాస్‌లో, అంటే ఆడే కొద్దీ మెట్టుమెట్టుకూ బహుమతులిచ్చే పథకంలో పెట్టింది. డబ్బు కట్టినవారికి వెంటనే, కట్టనివారికి వారాల తరబడి ఆడి చాలా మెట్లు ఎక్కాక. ఆడేవారు ఊరుకోలేదు. చివరకు 2024 ఏప్రిల్ నుంచి కొత్త యోధులను అందరికీ ఒకేసారి ఇస్తున్నారు. దానివల్ల డబ్బు కట్టినవారు నష్టపోయారని నేను అనుకోను.

ఇక నా అసలు ఫిర్యాదు. కానుక అని పేరు పెట్టి ఇచ్చేవాటిలో చాలా భాగం కానుకలు కావు.

పోయిన నెలలో తమ్ముడికి ఇంకో వేషం వచ్చింది, ఈసారి అగ్నిరెక్కలది. తెర మీద పెద్ద అక్షరాలతో 'ఉచితం' అని ఉంది. కింద, బూడిదరంగు మీద బూడిదరంగుతో, 72 గంటలు అని చిన్నగా ఉంది. వాడు చూడలేదు. నేనూ చూడలేదు. మూడు రోజులు ఆ రెక్కలతో ఎగిరాడు. నాలుగో రాత్రి ఇద్దరం ఆటలోకి వెళ్లేసరికి వాడు పాత బట్టలతో నిలబడి ఉన్నాడు. రెక్కలు ఉండాల్సిన చోట ఒక చిన్న పెట్టె, అందులో ధర, దాని పక్కనే పరుగెత్తే గడియారం. ఇంత సేపట్లో కొంటే తగ్గింపు అట. ఆ రాత్రి వాడు పెద్దగా మాట్లాడలేదు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. నిజమే. కానీ మూడో రోజు సాయంత్రానికి ఆవునే తోలుకుపోతే అది దానమెలా అవుతుంది? ఒకసారి ఒంటి మీద వేసి లాగేసుకుంటే కలిగే లోటు, అసలు వేయకపోతే కలగదు. ఆ లోటునే వారు అమ్ముతున్నారు.

లెక్కలు రాసే అలవాటు వల్ల ఆ తర్వాత జరిగిన ఉత్సవంలో ఆటలో చెల్లే నాణేల లెక్క ఒక పుస్తకంలో రాసుకున్నాను. రెక్కల ధర 1,200 నాణేలు. ఉత్సవమంతా ఒక్కరోజు కూడా తప్పకుండా ఆడితే ఉచితంగా వచ్చేవి 1,080. కావలసినవి ఇంకా 120. వారు అమ్మే అతిచిన్న మూటలో ఉండేవి 300. అది కొంటే 180 మిగులుతాయి. ఉత్సవం ముగిశాక ఆ నాణేలు చెల్లవు. ఎంతో జాగ్రత్తగా అల్లిన లెక్క ఇది. 120 తక్కువ పడేలా ఎవరో కూర్చుని కూడికలు, తీసివేతలు చేశారు. నా వృత్తిలో ఇలాంటి లెక్క కనిపిస్తే అది పొరపాటున వచ్చిందని ఎవరూ అనరు.

బొత్తాల సంగతీ అంతే. 'తీసుకో' అన్న బొత్తానికి ఆనుకుని 'కొను' అన్న బొత్తం, రెండూ ఒకే రంగు. ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. ఉచిత గేముల్లో పేరు మోసిన ఫోర్ట్‌నైట్‌లో బొత్తాల అమరిక వల్ల ఆడేవారు అనుకోకుండా కొనుగోళ్లు చేసేస్తున్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2022 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ గేమును తయారుచేసిన ఎపిక్ గేమ్స్ సంస్థ 24 కోట్ల 50 లక్షల డాలర్లు వినియోగదారులకు తిరిగి చెల్లించడానికి ఒప్పుకుంది.

అదృష్టం మీద ఆధారపడే కానుకలను కూడా లెక్క కట్టి చూడాలి. గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేము మొదటి వార్షికోత్సవం 2021 సెప్టెంబరులో జరిగింది. కానుకలు మరీ తీసికట్టుగా ఉన్నాయని ఆడేవారు యాప్ స్టోర్లలో రేటింగులు తగ్గించి నిరసన తెలిపారు. అప్పుడు సంస్థ నాలుగు రోజుల పాటు రోజుకు 400 చొప్పున 1,600 రత్నాలు పంచింది. ఒక్కసారి అదృష్టం పరీక్షించుకోవడానికి 160 రత్నాలు కావాలి కాబట్టి అవి పది ప్రయత్నాలకు సరిపోతాయి. అందరూ కోరుకునే అయిదు నక్షత్రాల పాత్ర ఒక్కో ప్రయత్నంలో వచ్చే అవకాశం వెయ్యికి ఆరు. అంటే అప్పుడే మొదలుపెట్టినవారు నూరుగురు పది సార్లు చొప్పున ప్రయత్నిస్తే దాదాపు ఆరుగురికి అది దక్కుతుంది. మిగతా తొంభై నలుగురికి దక్కేది ఇంకొక్కసారి చూద్దామన్న ఆశ. అయినా అక్కడ ఆ అంకెలు ఆటలోనే చూసుకోవచ్చు. మా గేములో ఆ మాత్రం కూడా లేదు.

నోరు విప్పితే ఫలితం ఉంటుందని కూడా చెప్పాలి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేములో ఆడి సంపాదించుకునే హెక్స్‌టెక్ పెట్టెలను 2025 జనవరిలో తీసేశారు. ఉచితంగా ఆడేవారికి అలంకారాలు దక్కే ముఖ్యమైన దారి అదే. నిరసన ఎంతగా వచ్చిందంటే కొద్ది వారాలకే వాటిని తిరిగి తెస్తామని ఆ గేము సంస్థ రయట్ గేమ్స్ ప్రకటించింది, తెచ్చింది కూడా. అందుకే మీ పాఠకుడిని కోరుతున్నాను. మీ కోపాన్ని నా తమ్ముడిలాంటి వారి మీదకు కాక, ఆ బూడిదరంగు అక్షరాల మీదకు మళ్లించండి. డబ్బు కట్టేవారు అడిగితే ఈ సంస్థలు త్వరగా వింటాయి. కట్టేవారూ కట్టనివారూ ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చుంటే ఎవరి మాటా వినవు.

సంపాదకులు గారూ, మీకు కూడా ఒక విన్నపం. మీ సాంకేతిక పేజీలో వారం వారం ఉచిత కోడ్‌ల జాబితా, అంటే గేములో ఇస్తే వస్తువులు ఊరికే వచ్చే సంకేతాల జాబితా వేస్తున్నారు. పిల్లలు దాన్ని కత్తిరించి దాచుకుంటారు, నా తమ్ముడూ అదే చేసేవాడు. ప్రతి కోడ్ పక్కన ఇంకొక్క మాట చేర్చండి. వచ్చే వస్తువు ఎప్పటికీ ఉండేదా, లేక ఎన్ని గంటలకు పోయేదా అని. అలాగే గేము సొంత పేజీలో తప్ప ఇంకెక్కడా పాస్‌వర్డ్ ఇవ్వవద్దని జాబితా పైన ఒక వాక్యం వేయండి. ఉచిత రత్నాలిస్తామని అకౌంట్లు కాజేసే నకిలీ పేజీలు ఎన్నో ఉన్నాయి. ఆ హెచ్చరికకు జాబితాలో చోటు చాలకపోతే ఈ వారం నా ఉత్తరాన్ని తగ్గించి వేసినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు