శీనూకి, హాజీ మురాత్ గురించి

ఒరేయ్ శీనూ,

టాల్‌స్టాయ్ నవల ‘హాజీ మురాత్’ పేర్ల దగ్గరే ఆగిపోయిందన్నావు. వదిలెయ్యకు. 25 చిన్న అధ్యాయాలే. ఒక చీటీ మీద ఆరు పేర్లు రాసి పుస్తకంలో పెట్టుకో: కాకసస్ కొండల్లో రష్యన్లతో పోరాడే నాయకుడు ఇమాం షామిల్, అతనితో చెడి వచ్చేసిన హాజీ మురాత్, ఆ రాత్రి ఆశ్రయమిచ్చిన సాదో, రష్యన్ సిపాయి అవ్‌దేయెవ్, ఇద్దరు వొరొన్‌త్సొవ్‌లు. తికమకంతా ఈ ఇద్దరితోనే. హాజీ మురాత్ లొంగిపోయింది కొడుక్కి, కోట బయట అడవిలో. ఆపైన అతని తలరాత తిఫ్లిస్‌లో ఉన్న తండ్రి చేతిలో పడింది. ఆ పెద్దాయన కాకసస్ వైస్రాయి.

‘గోడ దూకినవాడి కథేగా’ అన్నావు చూడు, అక్కడే నాకు నీతో పేచీ. 11, 13 అధ్యాయాలు నిదానంగా చదువు, హాజీ మురాత్ తన గతమంతా వైస్రాయి అధికారి లోరిస్-మెలికొవ్‌కి చెప్పేది అక్కడే. చిన్నప్పటినుంచీ కలిసి పెరిగిన అవార్ ఖాన్‌లను, అంటే ఆ తెగ పాలకులను, షామిల్‌కి ముందు ఇమాం అయిన హమ్జాత్ చంపించాడు. హాజీ మురాత్, అన్న ఉస్మాన్ కలిసి మసీదులో హమ్జాత్ మీద పగ తీర్చుకున్నారు, ఉస్మాన్ అక్కడే పోయాడు. తరవాత హాజీ మురాత్ రష్యన్ల పక్షాన ఉన్నాడు. అతనంటే పడని అహ్మద్ ఖాన్ రష్యన్లకి చాడీలు చెప్పి అతన్నే కట్టేయించాడు. ఇరుకు కొండదారిలో తీసుకెళ్తుంటే, తాడు పట్టుకున్న సిపాయితో సహా లోయలోకి దూకేశాడు. సిపాయి చచ్చిపోయాడు, ఇతనికి కాలు విరిగింది. నవలంతా కనిపించే ఆ కుంటి నడక అప్పటిదే. అప్పుడు వెళ్లాడు షామిల్ దగ్గరికి. ప్రతిసారీ వెనక నుంచి ఎవరో ఒకరు నెట్టారు, అది చూడు.

1851 చివర్లో రష్యన్ల దగ్గరికి వచ్చేసరికి తల్లి, భార్యలు, పిల్లలు షామిల్ గుప్పిట్లో ఉండిపోయారు. అతను అడిగేది ఒక్కటే: మీ దగ్గరున్న ఖైదీలనిచ్చి నా వాళ్లను విడిపించండి. వైస్రాయి కాదనడు, చెయ్యనూ చెయ్యడు. అవతల షామిల్, తండ్రి తిరిగి రాకపోతే పద్దెనిమిదేళ్ల యూసుఫ్ కళ్లు పీకిస్తానంటాడు. కథకి ఇరుసు ఇదే.

చాలామంది 15వ అధ్యాయంలో జారిపోతారు. కథ ఉన్నట్టుండి జార్ నికొలాయ్ అంతఃపురంలోకి వెళ్తుంది, ‘ఇదెందుకు?’ అనిపిస్తుంది. దాటెయ్యకు. ఒక పోలిష్ విద్యార్థికి శిక్ష వెయ్యాలి. మన దగ్గర మరణశిక్ష లేదు, దేవుడి దయ అని రాసి, వెయ్యిమంది సిపాయిల మధ్య పన్నెండుసార్లు నడిపించమంటాడు. అంటే పన్నెండు వేల దెబ్బలు. బతకడని రాసినవాడికీ తెలుసు. కొండ ఊళ్లను తగలబెట్టమన్న ఉత్తర్వూ ఆ పూటదే. 17వ అధ్యాయంలో సాదో తన ఊరికి తిరిగొస్తే, మొదటి అధ్యాయంలో మెరిసే కళ్లతో కనిపించిన కొడుకు వీపులో బాయ్‌నెట్ పోటుతో శవమై ఉంటాడు. గడ్డివాములు బూడిద, ముసలి తండ్రి నాటిన చెర్రీ చెట్లు విరిగి మాడిపోయాయి, తేనెపట్లు ఈగలతో సహా కాలిపోయాయి, ఊరి నీళ్లలో కావాలని మలినం కలిపారు. ఈ రెండు అధ్యాయాలూ ఒకే బిగిన చదివితేనే దెబ్బ తగులుతుంది.

24లో హాజీ మురాత్ తెగిన తల సంచిలో వస్తుంది, చావు మాత్రం 25లో చెప్తాడు. ముందే తెలిసిపోయిందని విసుక్కోకు. ఏమవుతుందన్న ఆత్రం పోయాక, ఎలా పోరాడాడన్నదే మిగులుతుంది. తనవాళ్లను తనే విడిపించుకుందామని రష్యన్ల నుంచి పారిపోతుంటే, నూఖా ఊరి దగ్గర నీళ్లు పెట్టిన వరి మళ్లలో గుర్రాలు దిగబడిపోతాయి! మడిలో కాలు పెట్టిన మనకి ఆ బరువు ఎవరూ చెప్పక్కర్లేదు. పొదల్లో దాక్కుంటారు. తూటా గాయంలో తన అంగీలోంచి దూది పీకి కుక్కుకుంటాడు. చివర్న దగ్గరికొచ్చి తలమీద మొదటి వేటు వేసేది హాజీ ఆగా, ఒకప్పుడు ఇతనితో కొండల్లో స్నేహంగా ఉండి రష్యన్ల వైపు వెళ్లినవాడే. తుపాకుల మోతకి ఆగిన బుల్బుల్ పిట్టలు మళ్లీ పాట ఎత్తుకుంటాయి.

ఒక్క విషయం నన్ను వదలదు. 1851లో ఇరవైమూడేళ్ల టాల్‌స్టాయ్ తిఫ్లిస్ నుంచి అన్నకి రాసిన ఉత్తరంలో ఈ లొంగుబాటుని నీచమైన పని అన్నాడు. 1896లో దున్నిన పొలంలో, బండి చక్రం కింద నలిగి కూడా లేచి నిలబడ్డ ముళ్లమొక్కని చూసి ఈ మనిషిని తలుచుకున్నాడు. 1904 దాకా రాస్తూనే ఉన్నాడు, బతికుండగా అచ్చుకి ఇవ్వలేదు. 1912లో వచ్చింది.

8వ అధ్యాయంలో అవ్‌దేయెవ్ తల్లి కొడుక్కి పంపిన రూపాయి, రూబుల్ అనుకో, ఏమైందో చదివి నాకు రాయి.

నీ
గోపి